నిద్రపోయిన కాలానికీ లెక్క

దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్‌లో లాప్‌టాప్ మూత మూసి, మెట్రో ఎక్కి, చైతన్యపురి, విక్టోరియా మెమోరియల్ దాటి ఎల్బీనగర్‌లో దిగి, స్నేహితుడి గదిలో మళ్లీ తెరిచే కుర్రాళ్లు ఎందరో. 2018 సెప్టెంబరు 24న ఈ మార్గంలో రైళ్లు మొదలయ్యాక అది కాసేపటి ప్రయాణమే. మూత తెరవగానే వైఫై కొత్త చోటుకు సర్దుకుంటుంది. దాని వెనకున్న పనితనం చూస్తే నాకు చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది. లినక్స్ కోడ్ ఎవరైనా తెరిచి చదవొచ్చు కాబట్టి దాన్నే చూద్దాం.

మూత పడగానే ముందు ప్రోగ్రాములన్నీ ఎక్కడివక్కడ ఆగుతాయి. తర్వాత పరికరాల వంతు. వైఫై కార్డుకు కరెంటు ఉన్నట్టుండి తీసేయరు. నెట్‌వర్క్‌ల కోసం వెతుకులాట సాగుతుంటే రద్దవుతుంది, కొత్త ప్యాకెట్లు రాకుండా క్యూలు ఆగుతాయి, పంపాల్సినవి వెళ్లిపోతాయి. హాస్టల్ రౌటర్ దగ్గర సెలవు తీసుకున్నాకే కార్డు పడుకుంటుంది. నిద్రలోనూ పిలుపు వినాలని ముందే చెప్పి ఉంటే మాత్రం కనెక్షన్ వదలరు. అప్పుడు చిప్ ఒక్కటే మేలుకుని, తన చిరునామా 16 సార్లు రాసి ఉన్న 102 బైట్ల ప్రత్యేక సందేశం లాంటి వాటి కోసం చెవి ఒగ్గి ఉంటుంది.

నాకు అన్నిటికంటే నచ్చింది ఇంకొకటి. చుట్టుపక్కల కనిపించిన నెట్‌వర్క్‌లన్నిటినీ లినక్స్ గుండెకాయ లాంటి కెర్నెల్ ఒక జాబితాలో ఉంచుతుంది. ఏది ఎప్పుడు కనిపించిందో పక్కనే రాసుకుంటుంది. ఇప్పటి కోడ్‌లో 30 సెకన్లు దాటిన ఆనవాలు పాతబడినట్టే. చిక్కల్లా ఆ సమయం కొలిచే లెక్కతోనే. జిఫీలనే ఆ లెక్క యంత్రం నిద్రలో ఉన్నంతసేపూ కదలదు. అంటే సరిదిద్దకపోతే ఎల్బీనగర్‌లో కళ్లు తెరిచిన లాప్‌టాప్‌కు దిల్‌సుఖ్‌నగర్ రౌటర్ ఇప్పుడే కనిపించినట్టుంటుంది. గంటలు నిద్రపోయినా అంతే.

2009లో డాన్ విలియమ్స్ అనే ప్రోగ్రామర్ దీన్ని సరిదిద్దారు. పడుకునే ముందు సమయం రాసిపెట్టుకోవడం, లేచాక ఎంతసేపు పడుకున్నామో లెక్కగట్టడం, జాబితాలోని ప్రతి నెట్‌వర్క్ కనిపించిన సమయాన్ని అంతే వెనక్కి జరపడం. అసలు పని చేసే ఫంక్షన్ కొద్ది వరసలే. జాబితాను మొత్తంగా చెరిపేయడం ఇంకా సులువే. కానీ మూత మూసి పది సెకన్లలోనే తెరిచినవాడికి ఆ ఆనవాళ్లు ఇంకా పనికొస్తాయి. చెరపకుండా వయసు మాత్రం పెంచడంలోనే ఆ చేతి నేర్పు ఉంది.

తర్వాత వచ్చినవాళ్లు దీనికి మరో మెరుగు పెట్టారు. కంప్యూటర్‌లో మనకు కనిపించే మామూలు గడియారాన్ని ఎవరైనా ముందుకో వెనక్కో తిప్పొచ్చు, అప్పుడు నిద్ర లెక్క తప్పుతుంది. అందుకే ఇప్పుడు యంత్రం ఆన్ అయిన క్షణం నుంచి నిద్రనూ కలిపి లెక్కించే గడియారాన్నే వాడుతున్నారు. దాన్ని తిప్పడం ఎవరి తరమూ కాదు.