వాలు కింద నిలబడి

పెరట్లో కోడిని ఎప్పుడూ పైనుంచే చూస్తాం. వీపు, తోక, వంగిన మెడ, అంతే. పాడేరు కొండల్లో ఇంటి వెనక వాలు కింద నిలబడితే అదే కోడి కళ్లకెదురుగా, ఒక్కోసారి మన తలకన్నా ఎత్తున ఉంటుంది. పొద్దుటెండ వెనకనుంచి తగిలితే పుంజు నెత్తిమీది జుట్టు దానిమ్మగింజలా లోపల్నుంచి వెలుగుతుంది. రొమ్ము కింది నూగు ఊపిరికి కదలడం నేను మొదట చూసింది అక్కడే.

అది బోడికొండ కాదు. పనస, మామిడి, ఇంకాస్త పైన సిల్వర్ ఓక్ నీడలో కాఫీ మొక్కలు, మానులకు అల్లుకున్న మిరియపు తీగలు. రాలిన ఆకు కింద నేల చెమ్మారదు. పెట్ట కొండవైపు మొహం పెట్టి, ఒక కాలితో ఓసారి, రెండో కాలితో రెండుసార్లు గీకి, అడుగు వెనక్కి వేసి, తల వంచి చూస్తుంది. ఎంతసేపు చూసినా విసుగెత్తని ఆట అది. చదును నేలలో గీకిన ఆకు అక్కడే పడి ఉంటుంది. వాలు మీద జారుతుంది. చెదపురుగులతో సహా జారి కింద నిలబడ్డ కోడిపిల్లల ముక్కుల ముందు ఆగుతుంది. తల్లి తవ్వుతుంటే కొండ వడ్డిస్తుంది! మట్టి మరీ జారిపోకుండా వాలుకు అడ్డంగా దుంగలో రాళ్లో పేరుస్తారు. వాటి ఎగువన ఆకు పోగుపడి, నాలుగు రోజుల్లో పురుగు పట్టి, కోళ్లకు అదో కొత్త వంటిల్లు అవుతుంది.

ఇక రంగులు. ఎర్ర ఈకల పుంజు డేగ, నల్లది కాకి, తెల్లది సేతువ, మెడ మీద నలుపూ తెలుపూ సమంగా ఉంటే పర్ల, నలుపూ ఎరుపూ పసుపూ కలిస్తే కౌజు. కుక్కుట శాస్త్రం ఇచ్చిన ఈ పేర్లు పందెం బరి చుట్టూ పెరిగాయన్నది నాకు బాధే. ఇంత సూక్ష్మంగా రంగు చదివిన కళ్లు ఆ తర్వాత నెత్తురు ఎలా చూడగలిగాయో! బరిలో మిట్టమధ్యాహ్నపు ఎండ రంగుల్ని చదును చేసేస్తుంది. చెట్టు కింద వెలుగు చుక్కలు చుక్కలుగా రాలుతుంది. డేగ ఎండుటాకుల్లోకి నడిచి మాయమై, నాలుగడుగుల అవతల నిప్పులా లేస్తుంది. కాకిపుంజు మెడ మీద మాత్రం ఆ నీడలోనే పచ్చా నీలమూ మెరుస్తాయి. గోధుమరంగు పెట్ట ఇరవై ఒక్క రోజులు పనస మొదట్లో పొదిగితే రెండడుగుల దూరంలో ఉన్నా నాకు దాని కన్ను ఒక్కటే కనిపించింది.

తూర్పు కనుమల్లో ఎర్ర అడవికోడి ఇప్పటికీ తిరుగుతోంది. మన ఇంటికోడికి మూలం ఆ జాతే. అంటే ఈ ఈకల్ని నేసింది ఈ నీడే. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన డైరెక్టరేట్ పెరటి పెంపకానికి రూపొందించిన వనరాజాకీ రంగురంగుల ఈకలున్నాయి. అవి శత్రువు కంట పడకుండా కాచే ఈకలు. ఇక్కడ అందం, ప్రాణం ఒకటే పని చేస్తున్నాయి.

ఆ శత్రువు రానే వస్తుంది. గద్ద నీడ కదిలితే పుంజు సన్నగా, సాగదీసి ఒక కేక వేస్తుంది. ముంగిస కనబడితే తెగి తెగి వచ్చే కొట్టుడు కూత. మొదటిదానికి వాలంతా ఒక్కసారిగా ఆగిపోతుంది. పిల్లలు ఆకుల్లో ఆకులైపోతాయి. ఆ నిశ్శబ్దం ఎంతసేపుంటుందో కొలవాలనిపించదు.

సాయంత్రం పిల్లల తల్లిని గంప కింద మూస్తారు, అడవిపిల్లి భయం. మిగిలినవి చెట్టెక్కుతాయి. ఎక్కడమంటే ఎగరడం కాదు. వాలులో చెట్టు కొమ్మ ఎగువ గట్టుకు చేతికందేంత దగ్గర. గట్టు మీదికి నడిచి, ఒక్క గెంతుతో కొమ్మ మీద ఉంటాయి. కాలు మడిస్తే స్నాయువు బిగిసి వేళ్లు వాటంతటవే కొమ్మను పట్టేస్తాయి. నిద్రలో పడిపోవు.

తెల్లవారాక మళ్లీ నేను వాలు కిందే ఉంటాను. మొదట డేగ రెక్కలు దులుపుతుంది. వచ్చిన గట్టు వైపు తిరగదు. దిగువ లోయకేసి మెడ చాచి, కొమ్మ వదిలేస్తుంది. కోడి ఎగరలేదని ఎవరన్నారు! రెక్కలు బార్లా చాపి, కాఫీ మొక్కల మీదుగా, నా తల మీదుగా, రెక్క అడుగున దాగిన తేనెరంగంతా చూపిస్తూ ఇంటి వాకిట్లోకి తేలుతూ దిగుతుంది. దాని వెనకే కాకి. దాని వెనకే పెట్టలు, ఒకటొకటిగా.