మొదట ముట్టినవానిదే చోటు

పెద్ద కంప్యూటరులోని మెమరీ అంతయు ఒకే రాశిగా ఉండుననియు, ఏ ప్రాసెసరు ఎక్కడనుండి అడిగినను ఒకే వేగముతో అందుననియు నమ్మి ప్రోగ్రాములు వ్రాయువారు నేటికిని ఎందరో కలరు. రెండు లేక అంతకు మించి ప్రాసెసర్లున్న సర్వర్లలో ఇది సత్యము కాదు. అచ్చట ప్రతి ప్రాసెసరునకును దాని చెంతనే కొంత మెమరీ ఉండును. ఆ రెండును కలిసి ఒక నోడ్ అగును. తన నోడులోని మెమరీని చదువుటకు రమారమి నూరు నానోసెకన్లు పట్టినచో, పొరుగు నోడుదానికి లింకు దాటి పోయి రావలెను గనుక అందులో సగమువరకు అదనముగా పట్టుట సాధారణము. మా పొదిలి రైతు తన మిరప బస్తాలను గుంటూరు కోల్డ్ స్టోరేజీలో దాచుకొన్నప్పుడు సరుకు తనదే, రసీదు తన చేతిలోనిదే; అయినను బేరగానికి గుప్పెడు కాయ చూపవలసి వచ్చినప్పుడెల్ల గుంటూరు పోవలసినదే.

ఈ దూరమును ఎరిగి చోటు పంచుట ఆపరేటింగ్ సిస్టమ్ కెర్నెల్ విధి. ప్రోగ్రాము వంద గిగాబైట్లు అడిగినప్పుడు లినక్సు వెంటనే ఇచ్చునది చిరునామాలు మాత్రమే. అసలు మెమరీని, సామాన్యముగా 4 కిలోబైట్ల పేజీల చొప్పున, ఆ చిరునామాపై తొలి వ్రాత పడిన క్షణముననే, వ్రాసిన కోర్ ఏ నోడునకు చెందినదో ఆ నోడునుండి తీసి సమకూర్చును. అడిగినవాడెవడన్న విచారణ అచ్చట లేదు. మొదట ముట్టినవాడెవడన్నదే లెక్క. పొదిలిలో ఇంటనుండియే దూరపు సర్వర్లపై పనిచేయు నాకు, ఈ విద్యలో ఇంతకంటె ప్రీతికరమైన ఘట్టము మరొకటి లేదు.

సంగారెడ్డి చేరువ కందిలోనున్న ఐఐటీ హైదరాబాదులో, జాతీయ సూపర్‌కంప్యూటింగ్ మిషన్ క్రింద నెలకొల్పిన పరమ్ సేవ 838 టెరాఫ్లాప్సుల యంత్రము. అట్టి యంత్రములలో ఒక్కొక్క సర్వరునందు రెండేసి ప్రాసెసర్లుండుట పరిపాటి. అటువంటి రెండు నోడుల సర్వరుపై నూమాసీటీఎల్ అను పనిముట్టుతో దూరముల పట్టిక తీసినచో తన నోడునకు 10 అనియు, ఎదుటి నోడునకు 20 లేక 21 అనియు కనబడును. ఇప్పుడు ఒక పరిశోధక విద్యార్థి వాతావరణపు లెక్క వ్రాసినాడనుకొందము. అతడు పెద్ద శ్రేణినొకదానిని ఏర్పరచి, మొదటి థ్రెడ్డు ఒక్కదానిచేతనే అంతట సున్నలు నింపించి, పిదప కోర్లన్నిటిని పనికి దింపును. సున్నలు నింపిన చేయి ఒక్కటే గనుక పేజీలన్నియు ఆ చేయి ఉన్న నోడులోనే చేరును. రెండవ ప్రాసెసరు కోర్లు ప్రతి చదువునకును లింకు దాటవలసివచ్చును. వాని చెంతనున్న మెమరీ మార్గములు ఊరక పడియుండును. ఆ సున్నలు నింపు లూపును కూడ, తరువాత లెక్క చేయబోవు థ్రెడ్లకే, అదే వరుసలో పంచినచో చాలును. లెక్కలో ఒక్క గుర్తు మారదు, ఫలితము మారదు, పట్టు కాలము మాత్రము స్పష్టముగా తగ్గును.

తొలి స్పర్శ నియమము చాలనిచోట, ఫలానా విధముగా పంచుమని ప్రోగ్రాము కెర్నెలునకు చెప్పుకొను సౌకర్యమును సూసె సంస్థలోనుండిన ఆండీ క్లీన్ రూపొందింపగా, అది 2004లో 2.6.7 కెర్నెలులో చేరెను. ఫలానా నోడునందే ఇమ్మని కట్టడి చేయవచ్చును. వీలైనచో అచ్చట, కానిచో మరియొకచోట ఇమ్మని కోరవచ్చును. పేజీ తరువాత పేజీగా నోడులన్నిటికి వంతులవారీగా పంచుమనవచ్చును. కెర్నెల్ తాను బూటగునప్పుడు ఈ వంతుల పద్ధతినే పాటించి, ఒక్క నోడే నిండిపోకుండ చూచుకొని, అనంతరము స్థానిక పద్ధతికి మరలును.

సామీప్యమే సర్వదా మేలని భావించువారు మైఎస్‌క్యూఎల్ ఉదంతమును తెలిసికొనవలెను. ఆ డేటాబేసు తన బఫర్ పూల్ అను మహారాశిని ఒకచోటినుండి నింపుటచేత ఒక నోడు నిండిపోయి, రెండవ నోడులో ఖాళీ ఎంతో ఉన్నను, కెర్నెల్ పేజీలను డిస్కునకు స్వాప్ చేయుచుండెను. యంత్రమును చూచువారికి మెమరీ మిగిలియున్నట్లే తోచెను. 2010లో జెరెమీ కోల్ దీని కారణమును విడమరచి వ్రాసి, వంతుల పద్ధతిని ఉపాయముగా సూచించెను. నోడులన్నిటి కోర్లును సమానముగా వాడుకొను రాశిని ఎవరో ఒకరి చెంత పెట్టుటకంటె అందరికిని కొంత దగ్గర, కొంత దూరముగా పంచుటయే న్యాయమని నా నిశ్చితాభిప్రాయము. కట్టడి పద్ధతిని మాత్రము, ఆ నోడు నిండిననాడు ఏమగునో ముందుగా ఆలోచింపనివారు ముట్టకుండుటయే మంచిది.

2013లో వెలువడిన 3.8 కెర్నెలునుండి లినక్సు తానే ఈ భారమును కొంత మోయుచున్నది: అప్పుడప్పుడు కొన్ని పేజీలకు ప్రవేశమును తాత్కాలికముగా మూసి, తలుపు తట్టిన కోర్ ఏ నోడుదో గమనించి, పేజీని ఆ వైపునకు తరలించును. తెలియక వ్రాసినవారికి ఇది గొప్ప ఉపకారమే. కాని గమనించుటకును, తరలించుటకును కాలము వ్యయమగును; ఇరువైపులవారును ఎడతెగక ముట్టు పేజీని ఎచ్చటికి తరలించినను ఒకరికి దూరమే. కావుననే ఒంగోలు, గుంటూరు ఇంజనీరింగు కళాశాలల ప్రయోగశాలలలో మెమరీ అడుగుట నేర్పునప్పుడే, ఆ సున్నల లూపును ఒకమారు ఒంటరి థ్రెడ్డుతోను, మరియొకమారు పంచియు నడిపించి, రెండు కాలములను విద్యార్థులచేతనే కొలిపింపవలెనని నా కోరిక. రెండు ప్రాసెసర్ల పాత సర్వరొకటి దొరికినచో అందుకు ఒక మధ్యాహ్నము చాలును.