మంచం కింద పొడి

పొద్దున ఊడ్చిన నేల మీద మధ్యాహ్నానికి మళ్లీ సన్నటి పొడి. మంచం పట్టె కింద వంగి చూస్తే ఆవగింజ పట్టేంత బెజ్జాలు వరసగా కనిపించాయి. అమ్మాయి పెళ్లికి కొన్న టేకు మంచం, మూడేళ్లయినా కాలేదు.

వడ్రంగి మేస్త్రిని పిలిపించాను. ఆయన ఉలితో పాలిష్ కాస్త గీకి, "టేకేనమ్మా, అబద్ధం కాదు. చేవే లేదు" అన్నాడు. పురుగు తొలిచిన చోటల్లా చెక్క పాలిపోయి ఉంది. రెండంగుళాల అవతల తేనె రంగు తేలిన చోట ఒక్క బెజ్జం లేదు. రంగు పాలిష్ కింద ఆ తేడా నా కంటికి ఆననే లేదు.

చెట్టుకు నీళ్లు మోసేది బెరడు కిందుండే ఆ తెల్లచెక్కే. అందులో పిండి ఉంటుంది, పురుగుకు అదే తిండి. లోపలి చెక్క ఏళ్ల మీద చేవ తేలుతుంది. టేకు చేవలో నూనె ఉంటుంది కాబట్టి చెద కూడా అంత త్వరగా దాని జోలికి రాదు. లేత వయసులోనే కొట్టేసిన దుంగలో ఆ చేవ ఎంతని ఉంటుంది?

అడితికి వెళ్లినవాళ్లంతా టేకే అడుగుతారు. బల్లార్షా టేకు గొప్పదే, 2023లో అయోధ్య రామాలయం తలుపులకు వెళ్లింది అదే. కానీ మా అమ్మమ్మ కాలంలో పనిని బట్టి చెట్టు ఉండేది. బండి చక్రానికి తుమ్మ, దూలానికి మద్ది, తలుపులకు వేగిస. కొండపల్లి బొమ్మకు తెల్ల పొణికి, ఏటికొప్పాక లక్కబొమ్మకు అంకుడు ఇప్పటికీ ఆ లెక్కే. బొమ్మలు చేసేవాళ్లు మరచిపోలేదు, మంచాలు కొనే మనమే మరిచాం.

అమ్మమ్మ బీరువా వేపది. గాలివానకు పెరట్లో కూలిన చెట్టును కోయించి, పలకల్ని ఏడాది పాటు వసారాలో ఆరబెట్టి చేయించారట. వేప పీచు పెనవేసుకుని ఉంటుంది, చిత్రిక పట్టడం కష్టం. ఆ బీరువా తలుపు మీద వేలితో రాస్తే ఇప్పటికీ చిన్న చిన్న గరుకులు తగులుతాయి. తెరిస్తే చిరుచేదు వాసన. అందులో పెట్టిన ఒక్క పట్టుచీరనూ పురుగు ముట్టలేదు.

"పట్టెలు రెండూ మార్చేస్తాను, ఏం చెక్క వేయమంటారమ్మా?" అని మేస్త్రి అడిగాడు. చేవ ఉన్న వేప చూడమన్నాను. పాలిష్ వేసేముందు మాత్రం ఒకసారి కబురు చేయమన్నాను.