మార్చాల్సింది ఏ పెట్టె?

కర్నూలులో చాలా ఇళ్ళలో పాత ఆడియో సామాను ఎప్పుడు మార్చాలో ఇంటివాళ్ళు తేల్చుకోలేదు. 2009 అక్టోబరు 2న తుంగభద్ర తేల్చింది. హంద్రీ కూడా తోడై ఊళ్ళోకి వచ్చిన ఆ నీళ్ళలో నానిన స్పీకర్ కాగితపు కోను ఆరాక మళ్ళీ మునుపటిలా కుదురుకోదు. సర్క్యూట్ బోర్డుకు అంటిన బురద లోహాన్ని తింటూనే ఉంటుంది.

వరద చేరని ఇళ్ళలో అదే పని ఎండా దుమ్మూ చేస్తాయి, తీరిగ్గా.

యాంప్లిఫయర్‌లో ముందుగా అలిసిపోయేది కండెన్సర్. లోపలి ద్రవం ఆరిపోతే స్పీకర్లలో గుయ్‌మని హమ్ మొదలవుతుంది. ఇంజినీర్లకు దీని మీద ఒక మోటు లెక్క ఉంది: వేడి 10 డిగ్రీలు పెరిగితే కండెన్సర్ ఆయుష్షు దాదాపు సగమవుతుంది. మే నెలలో 40 దాటే ఊళ్ళో, పగలంతా కాగిన స్లాబు కింద, అద్దాల షోకేసులో బిగించి, పైన లేసు గుడ్డ కప్పిన యాంప్లిఫయర్ సంగతి ఇక వేరే చెప్పాలా? (దుమ్ము పడకూడదని కప్పిన గుడ్డే అది, పాపం.) చుట్టూ నాలుగు వేళ్ళ ఖాళీ వదిలి బయట పెట్టడమే దానికి చవకైన అప్‌గ్రేడ్. అప్పటికే హమ్ వస్తుంటే, కండెన్సర్లు మార్చడం టంకం పని తెలిసిన ఏ మెకానిక్కుకైనా మామూలే.

బేతంచెర్ల, ఎర్రగుంట్ల వైపు నాపరాళ్ళ పొడి దేన్నీ వదలదు. వాల్యూమ్ తిప్పితే గరగరమంటుంది. కాంటాక్ట్ క్లీనర్ కొడితే సాధారణంగా పోతుంది. ఆ మాత్రానికి సెట్టు అమ్ముకోవడం తొందరపాటు.

స్పీకర్ల లెక్క వేరు. కోను చుట్టూ ఫోమ్ అంచు ఉంటే పదిహేను, ఇరవై ఏళ్ళకు పొడి రాలుతుంది. రబ్బరు, గుడ్డ అంచులు ఇంకా ఎక్కువ కాలం నిలుస్తాయి. ఫోమ్ పోయినా పెట్టె పోయినట్టు కాదు, అంచు ఒక్కటీ కొత్తది అతికించవచ్చు.

నిజంగా త్వరగా ముసలిదయ్యేది వైరు చివర ఉండే సాకెట్టు. 1963లో కడపలో ఆకాశవాణి మొదలైంది. మీడియం వేవ్ రేడియో దశాబ్దాలు గడిచినా ఆ కేంద్రాన్ని పట్టుకుంది. కానీ టీవీ శబ్దాన్ని ఒకే వైరుతో వెనక్కి పంపే ఏఆర్‌సీ, 2009లో వచ్చిన హెచ్‌డీఎమ్‌ఐ 1.4తోనే మొదలైంది. అంతకు ముందరి హోమ్ థియేటర్‌కు ఆ దారి లేదు. యాప్‌ను నమ్ముకున్న స్పీకర్లది మరీ ఇబ్బంది: పాత మోడళ్ళకు ఇక కొత్త సాఫ్ట్‌వేర్ ఇవ్వబోమని సోనోస్ 2020లో ప్రకటిస్తే ప్రపంచమంతా కొన్నవాళ్ళు గొడవ చేశారు. ఆ స్పీకర్లలో శబ్దానికి ఏ లోటూ లేదు!

అందుకే ఈ కాలమిస్టు ఓటు విడివిడి పెట్టెలకే. స్పీకర్ల మీద డబ్బు పెట్టాలి, యాంప్లిఫయర్‌ను రిపేరుతో నడపాలి, ఫోనుతోనూ టీవీతోనూ మాట్లాడే భాగాన్ని చవకగా కొని, కాలం చెల్లగానే మార్చాలి. సౌండ్‌బార్‌లో ఈ మూడూ ఒకే గూట్లో ఉంటాయి. బోర్డు పోయి, దొరక్కపోతే మంచి స్పీకర్లూ దాంతోపాటే పాత సామాన్ల బండెక్కుతాయి.

దసరా ఆఫర్ల ప్రకటన చూసి బయల్దేరేముందు ఇంట్లో స్పీకర్ జాలీ ఊడదీసి, కోను అంచును వేలితో మెల్లగా నొక్కి చూడండి. వేలికి పొడి అంటకపోతే దుకాణానికి కాదు, మెకానిక్కు దగ్గరికి వెళ్ళండి.