పునరుద్ధరించు: ఒక క్రియ, దాని కర్తలు

సాంస్కృతిక వ్యాసాలలో అవసరానికి మించి కనిపించే క్రియ ‘పునరుద్ధరించు’. ఫలానావారు ఫలానా కళను పునరుద్ధరించారు; బయటి రాష్ట్రాలలో తెలుగును పునరుద్ధరించాలి. విద్యుత్ సరఫరాకూ రైళ్ళ రాకపోకలకూ పత్రికలు వాడేది ఈ మాటే. అక్కడ పేచీ లేదు. తీగ తెగింది, అతికారు, దీపం వెలిగింది. (ఇంట్లోవాళ్ళు మాత్రం ‘కరెంటు వచ్చింది’ అని ఊరుకుంటారు.) భాషకూ కళకూ వాడినప్పుడే చిక్కు వస్తుంది.

‘ఉత్’ ఉపసర్గతో ‘హృ’ ధాతువు చేరి ఉద్ధరణ అయింది. పైకి తీయడమని అర్థం. పూజవేళ పంచపాత్రలోని నీళ్ళను తీసే చిన్న చెంచాను ఉద్ధరిణె అంటాం. ఆ పేరులో ఉన్నదీ ఈ మాటే. చెంచా ముంచితేగాని నీళ్ళు పైకి రావు. అంటే ఈ క్రియ వెనుక ఒక చిత్రం ఉంది: కింద కదలక ఉన్న వస్తువు ఒకటి, పైనుంచి చేయి అందించేవాడు ఒకడు. ‘పునః’ చేరితే, ఆ వస్తువు లోగడ పైన ఉండేదనీ, నడుమ పడిపోయిందనీ అదనంగా ఒప్పుకొన్నట్టు. పాడుబడిన గుడికి జీర్ణోద్ధరణ అన్నప్పుడు ఇదంతా చక్కగా సరిపోతుంది. రాయి తనంత తాను లేచి నిలబడదు గదా! కన్నడులూ మరాఠీలూ జీర్ణోద్ధారమనేది అందుకే. వాడుక భాష మాత్రం ఈ ఉద్ధరించేవాడిని ఎప్పుడూ పూర్తిగా నమ్మలేదు. ‘పెద్ద ఉద్ధరించావులే’ అన్న ఎత్తిపొడుపు వినని తెలుగువాడుండడు.

దీనికి దగ్గరి మాట ‘పునరుజ్జీవించు’. విద్యార్థుల వ్యాసాలలో ‘కళను పునరుజ్జీవించారు’ అన్న ప్రయోగం తరచు కనిపిస్తుంది. అది తప్పు. జీవించు వలెనే ఇదీ అకర్మకం. కళ పునరుజ్జీవిస్తుంది, ఇంకొకరు చేస్తే ‘పునరుజ్జీవింపజేశారు’ అనాలి. ఇది వ్యాకరణ నియమం మాత్రమే కాదు. ఆ క్రియలో ప్రాణం కళదే. పునరుద్ధరించులో బలమంతా చేసేవాడిది. తమిళులు చెప్పే ‘పుత్తుయిర్’, అంటే కొత్త ప్రాణం, మొదటిదానికి దగ్గర.

ఇక ప్రయోగాలు చూద్దాం. నటరాజ రామకృష్ణ (1923-2011) పేరిణి తాండవాన్నీ ఆంధ్రనాట్యాన్నీ పునరుద్ధరించారని ఒకే వాక్యంలో రాయడం ఆనవాయితీ అయింది. నిజానికి ఇవి రెండు వేరు పనులు. పేరిణికి ఆయన ముందున్న ఆధారాలు జాయప సేనాని సంస్కృతంలో రాసిన నృత్తరత్నావళి, రామప్ప గుడి శిల్పాలు. 13వ శతాబ్ది గ్రంథానికీ, రాతిలో నిలిచిపోయిన భంగిమలకూ నడుమ లోపించినది అసలు కదలిక. దానిని ఆయన ఊహించి కూర్చారు. కనుక అది పునర్నిర్మాణం. ఒక పాలు సృష్టి కూడా. అలా అంటే ఆయన గౌరవానికి లోటు రాదు, పైపెచ్చు పెరుగుతుంది. ఆంధ్రనాట్యం సంగతి వేరు. దాన్ని ఒంట్లో నిలుపుకొన్న కళావంతుల స్త్రీలు అప్పటికి బతికే ఉన్నారు. నాయుడుపేట రాజమ్మ వంటివారి దగ్గర ఆయన నేర్చుకొన్నారు. 1947 మద్రాసు చట్టం దేవదాసీ అంకితాన్ని నిషేధించాక, ఆలయంలో ఆడేందుకు చోటు పోయింది, ఆట పోలేదు. ‘పునరుద్ధరించారు’ అనగానే వాక్యంలో రాజమ్మకు చోటుండదు. ‘నేర్చుకొని వేదిక మీదికి తెచ్చారు’ అంటే ఉంటుంది. విమర్శకుడు ఎంచుకొన్న క్రియ ఒకరి పేరును చరిత్రలో ఉంచనూగలదు, తీసేయనూగలదు.

మన విద్యార్థులకు మరింత దగ్గరి ఉదాహరణ తంజావూరు జిల్లా మెలట్టూరు. మెలట్టూరు వేంకటరామశాస్త్రి తెలుగులో రచించిన ప్రహ్లాద చరిత్రాది నాటకాలను అక్కడ ఏటా నరసింహ జయంతి వేళ భాగవత మేళంగా ఆడతారు. నటులు ఇంట్లో మాట్లాడేది తమిళం. వేషం కట్టాక పలికేది తెలుగు. 20వ శతాబ్ది పూర్వార్ధంలో ఈ ఆట సన్నగిల్లినమాట నిజం. ఇ. కృష్ణయ్యర్ వంటివారు దీన్ని బయటి లోకం దృష్టికి తెచ్చారు. అది చిన్న పని కాదు. అయినా దీన్ని పునరుద్ధరించింది ఆయనే అంటే నేనొప్పుకోను. పాటలు, దరువులు కంఠస్థంగా ఉంచుకొన్న కుటుంబాలు ఆ ఊళ్ళోనే ఉన్నాయి. ఇక్కడ మనకు పనికివచ్చేది ‘కొను’ అనే చిన్న సహాయక క్రియ. నిలుపుకొన్నారు, కాపాడుకొన్నారు అంటే చేసినవారిదే వస్తువు కూడా. ఉద్ధరణలో లేని హక్కు ఈ ‘కొను’లో ఉంది.

ఈ వెలుగులో మొదటి వాక్యాన్ని మళ్ళీ చూడండి: ‘బయటి రాష్ట్రాలలో తెలుగును పునరుద్ధరించాలి.’ ఇది రాసేది హోసూరులోనో, బళ్ళారిలోనో, బరంపురంలోనో తెలుగు ఇంట పుట్టిన విద్యార్థి. తల్లి వంటింట్లో పొద్దున మాట్లాడిన భాషను సాయంత్రం వ్యాసంలో పడిపోయినదానిగా రాస్తున్నాడు. ఆ ఇంట్లో మాట పడిపోలేదు. చాలాచోట్ల తెగింది చదువు. తమిళనాడులో 2006 చట్టం పదో తరగతి వరకు తమిళాన్ని దశలవారీగా తప్పనిసరి చేసిన తరువాత తెలుగు చదువుకు ఇరుకు పెరిగింది. వాక్యంలో కర్మను మార్చి, ‘మూతపడిన తెలుగు తరగతిని పునరుద్ధరించాలి’ అని రాసి చూడండి. తరగతి ఒకప్పుడు ఉండేది, ఆగిపోయింది, తనంత తాను లేవలేదు. క్రియ అక్షరాలా అతుకుతుంది. పైగా చేయవలసిన కర్త ఎవరో కూడా తేలుతుంది: ఉపాధ్యాయుణ్ణి నియమించే అధికారం ఉన్న ప్రభుత్వం.