‘మందు తాగుతావా?’ అని అడిగితే

నెలనెలా పరీక్షకు వచ్చిన గర్భిణిని ‘మందు తాగుతావా?’ అని అడగడం మనం వింటుంటాం. ఈ ప్రశ్నలోనే లోపం ఉంది. తెలుగులో మందు అంటే ఔషధమూ అవుతుంది, సారా కూడా అవుతుంది. మన గూడేల్లో జీలుగు కల్లు, తాటికల్లు, ఇప్పసారా, దేని పేరు దానిదే. కల్లును మందు లెక్కలో వేసేవారు తక్కువ. అందుకే ఆమె ‘లేదు’ అంటుంది. ఆమె అబద్ధమాడలేదు, కానీ కార్డులో తప్పు రాత పడుతుంది.

రెండో లోపం చూపులో ఉంది. ‘మీవాళ్లంతా తాగుతారు కదా’ అని మొదలుపెడితే ఏ తల్లి నోరు విప్పుతుంది? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2014లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం గర్భిణులందరినీ, వచ్చిన ప్రతిసారీ అడగాలి. అందరినీ అంటే తెగను చూసి కాదు.

అలాగని ఆచారం పేరుతో మనమూ నిజాన్ని దాచకూడదు. తల్లి తాగింది మాయ గుండా బిడ్డకు చేరుతుంది. మెదడు ఎదుగుదల దెబ్బతినవచ్చు. చెట్టు నుంచి దిగిన కల్లయినా అందులో ఉన్నది ఆల్కహాలే. గర్భిణికి ఇంత తాగితే ఫరవాలేదనే కొలత లేదు.

‘అమ్మా, పండగకో, పని అలసటకో కల్లుగానీ సారాగానీ పుచ్చుకుంటావా? ఈమధ్య ఎప్పుడు?’ అని పక్కన ఎవరూ లేనప్పుడు, ఆమె భాషలో అడగాలి. రోజూ బాగా తాగే ఆమెను ‘రేపటి నుంచి మానెయ్’ అని పంపేయకూడదు. ఒక్కసారిగా మానితే వణుకు, ఫిట్స్ రావచ్చు, డాక్టరు దగ్గరుండి మాన్పించాలి.

ఈ ప్రశ్నలను కోయలో, గోండిలో, కువిలో రాసి ఏఎన్‌ఎమ్‌ల చేతికివ్వగలిగేది మన యువత, మన టీచర్లే. ఆ పని మనం మొదలుపెడదాం.