ఇరవై అంకెల పద్యం

వరికోతలు కాగానే జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ప్రాంతాల్లో ఎటు చూసినా వడ్ల రాశులే. చదరంగం పలక మొదటి గడిలో ఒక్క గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు చొప్పున రెట్టిస్తూ 64 గడులూ నింపాలంటే ఆ రాశులన్నీ ఏ మూలకూ చాలవు. వెయ్యి గింజలు 25 గ్రాములు తూగుతాయనుకుంటే, కావలసిన వడ్లు 46,000 కోట్ల టన్నులు దాటుతాయి. ప్రపంచమంతా కలిసి పండించినా దాదాపు 600 ఏళ్ల పంట అది. గింజల సంఖ్య 18446744073709551615.

ఈ ఇరవై అంకెలనూ పదకొండో శతాబ్దపు పావులూరి మల్లన ఒక్క చంపకమాలలో ఇమిడ్చాడు. మహావీరాచార్యుని సంస్కృత గణిత గ్రంథాన్ని ‘సారసంగ్రహ గణితం’గా తెనిగించిన కవి ఆయన. అంకెలకు బదులు భూతసంఖ్యలు వాడాడు. చంద్రుడు ఒక్కడే కనుక 1, మన్మథుని బాణాలు 5, ఆకాశం శూన్యం కనుక 0. చదివేటప్పుడు ఒకట్ల స్థానం ముందొస్తుంది; అక్కడినుంచి అంకెలు ఎడమకు నడుస్తాయి.

ఈ సంఖ్యలో 7 మూడుచోట్ల ఉంది. మూడుచోట్లా కొండే, కానీ పేరు వేరు: నగం, భూధరం, గిరి. నాలుగుచోట్ల వచ్చే 4కు రెండుసార్లు సముద్రం, ఒకసారి వేదం, ఒకసారి బ్రహ్మ ముఖాలు. గణం ఏది కోరితే ఆ పర్యాయపదం దొరుకుతుంది. ఇది అలంకారం కోసం చేసిన పని కాదని నా గట్టి నమ్మకం. తాటాకు మీద అంకె ఒకటి చెరిగితే ఆనవాలు ఉండదు. పద్యంలో మాట జారితే ఛందస్సు కుంటుతుంది, చదివేవాడి చెవికి వెంటనే తెలుస్తుంది.

లెక్క కట్టడానికి 64 సార్లు రెట్టించనక్కరలేదు. 64ను సగాలు చేస్తూ పోతే ఆరు మెట్లలో 1 వస్తుంది. అందుకే 2ను వరుసగా ఆరుసార్లు వర్గం చేస్తే చాలు: 4, 16, 256, 65536, 4294967296, ఆపై చివరి వర్గం. అందులోంచి ఒకటి తీసేస్తే మన సంఖ్య. ఈ మెట్లే దాని కారణాంకాలనూ చూపిస్తాయి: ఒకటి తీసేసిన ఆ సంఖ్య 3, 5, 17, 257, 65537, 4294967297ల లబ్ధం. చివరిదాన్ని 641 భాగిస్తుందని 1732లో ఆయిలర్ తేల్చాడు.

పద్యం కంఠస్థమైన పిల్లలకు తప్పులు పట్టడమూ నేర్పవచ్చు. అంకెలన్నీ కూడితే 87. తొమ్మిదితో భాగిస్తే శేషం 6. ఒక కొండ స్థానంలో ఏనుగు (8) వచ్చిందంటే శేషం 7 అయి బయటపడుతుంది. పక్కపక్క అంకెలు తారుమారైతే మాత్రం దీనికి చిక్కవు. వాటికి పదకొండు లెక్క ఉంది: ఒకట్ల స్థానం నుంచి మొదటి అంకె కలిపి, రెండోది తీసేసి, మూడోది కలుపుతూ పోవాలి. పద్యంలో మాటల వరుస కూడా అదే కనుక, చదువుతూ చదువుతూనే లెక్క సాగుతుంది. చివరికి 37 తేలుతుంది. పదకొండుతో భాగిస్తే శేషం 4 రావాలి.